తుమ్మెద మెడనొప్పి

మార్చి 4

ఫిజియో అమ్మాయి చెప్పినట్టు నొప్పి డైరీ మొదలుపెట్టాను. నొప్పి ఎక్కడ, ఎంత, ఏం చేస్తుంటే వచ్చింది, అంతే రాయాలట. ఎవరికీ చూపించనక్కర్లేదట, నాకోసమేనట. ఎవరికీ చూపించనక్కర్లేని పనులంటే నాకు మహా ఇష్టం. చెయ్యకపోయినా ఎవరికీ తెలియదు.

ఎక్కడ: మెడ. కుడి భుజం. భుజం కింద రెక్క దగ్గర ఎవరో బొటనవేలితో అదిమి పట్టుకున్నట్టు. ఈమధ్య దవడ కూడా వీళ్ళతో జట్టు కట్టింది.

ఎంత: మామూలే.

ఏం చేస్తుంటే వచ్చింది: ఇదే నాకు అంతు చిక్కదు. వచ్చేటప్పుడు తెలియదు, వచ్చి కూర్చున్నాకే తెలుస్తుంది, చెప్పాపెట్టకుండా దిగే చుట్టంలాగా. పొద్దున్నంతా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటులో కూర్చుని, నేర్చుకునేవాళ్ళ చేత బండి నడిపించాను. నా పాదం దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. వాళ్ళు మర్చిపోయినప్పుడు నేను తొక్కాలి. ఆ బ్రేకు మీద కాలు ఆనించి ఉన్నంతసేపూ నాకు మెడ అనేది ఒకటుందనే గుర్తుండదు. కారు దిగి ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే

అమ్మో, పొయ్యి మీద పాలు.

మార్చి 4, మళ్ళీ

పాలు పోయాయి. గిన్నె కూడా పోయినట్టే. మా ఆయన దుకాణం మూసి వచ్చి, మాడిన గిన్నెను ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని, "పారెయ్యకు, గ్రహణం చూడ్డానికి పనికొస్తుంది" అన్నారు. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి. ఏం దొరికినా కళ్ళకు పెట్టుకుని చూస్తారు.

మార్చి 5

మెడ వ్యాయామాలు రేపటినుంచి.

మార్చి 10

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, డైరీ కనపడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట ఒకావిడ. ఆవిడే నాకంటే నయం. డైరీ ఉన్న బ్యాగును భుజాన తగిలించుకునే నేను అలమరాలన్నీ తిరగేశాను. ఆయన పేపరు చాటునుంచి చాలాసేపు చూసి, "తుమ్మెదా, బ్యాగు బరువుగా లేదూ?" అని మాత్రం అడిగారు. పెళ్ళైన కొత్తలో పెట్టిన పేరది, ఒక పువ్వు మీద నిలవనని. ముద్దుపేరో దెప్పిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

ఎక్స్‌రే వచ్చింది. నా మెడ ఎముకలు పాఠ్యపుస్తకంలో వేసుకునేంత బాగున్నాయట. ఎముకల డాక్టరు బొమ్మను చూసి, నన్ను చూసి, ఏమీ లేదమ్మా, అంతా మనసులోనే అన్నాడు. అంత ఏమీ లేకపోతే, నిన్న పక్క మీద ఏ వైపుకి తిరగాలో తెలియక ఏడ్చింది ఎవరో మరి.

మార్చి 12

కొత్త శిష్యురాలు. మనసు డాక్టరు. వయసులో నాకంటే బాగా పెద్ద. ఇన్నేళ్ళూ కారు నడిపిన భర్తకు చూపు మందగించిందట, అందుకని ఈవిడ స్టీరింగు పట్టుకున్నారు. నన్ను "మాస్టారూ" అంటారు. మా స్కూల్లో అందరూ అలాగే అంటారు గానీ, ఇంత చదువుకున్నావిడ అంటుంటే వీపు నిటారుగా పెట్టుకోవాలనిపిస్తుంది. పెట్టుకున్నాను. ఇప్పుడు వీపు కూడా నొప్పే.

డాక్టరుగారికి ఒక అలవాటు ఉంది. ఎదురుగా బస్సు వస్తే కళ్ళు మూసుకుంటారు. మీరు కళ్ళు మూసుకున్నంత మాత్రాన బస్సు పక్కకు పోదండీ అన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను రోజూ చెప్పే మాట కూడా అదే అని నవ్వారావిడ. కళ్ళు మూసుకునే.

మార్చి 19

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు డాక్టరుగారు నావైపు తిరిగి, "మాస్టారూ, మీరు భుజాలతో వింటారా?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ఎవరైనా చెప్పేది నేను శ్రద్ధగా వినేటప్పుడు నా భుజాలు లేచి చెవుల దాకా వస్తున్నాయట. పళ్ళు బిగిసిపోతున్నాయట. మాట అయిపోయాక కూడా అవి కిందికి దిగడం లేదట. చెవులకు తోడుగా ఉంటాయని పైకి పంపించానండీ అన్నాను. ఆవిడ నవ్వారు గానీ, నవ్వు అయిపోయాక కూడా చూస్తూనే ఉన్నారు. అంతలో వెనకవాళ్ళు హారన్ మోగించారు. ముందు రోడ్డు చూడండి అన్నాను. ఒకరి భుజాలు చూస్తూ బండి నడపకూడదు.

ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి రేడియోలో వార్తలు పెట్టాను. నిజమే. వార్తలు చదివే ఆవిడ నోరు తెరవగానే నా రెండు భుజాలూ లిఫ్టు ఎక్కినట్టు పైకి వెళ్ళిపోయాయి. వార్తలు మాత్రం ఒక్కటీ గుర్తులేవు.

మార్చి 20

వ్యాయామాలు రేపటినుంచి. తప్పకుండా.

మార్చి 26

గొప్ప రోజు. డాక్టరుగారు మొదటిసారి ఎవరూ చెప్పకుండా తమంతట తామే బ్రేకు వేశారు. మార్కెట్ మలుపులో ఒకాయన సైకిలు నడిపించుకుంటూ అడ్డంగా వచ్చాడు. బండి ఎక్కడిదక్కడ ఆగింది. గురువుగా గర్వపడుతున్నాను. మెడ బాగా నొప్పిగా ఉంది.

మార్చి 27

నిన్న రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మార్చి 28

డాక్టరుగారు బ్రేకు ఎందుకు వేశారంటే, నేను వెయ్యలేదు కాబట్టి.

ఆ రోజు పొద్దున్నుంచీ మెడ తిరగడం లేదు. నొప్పి ఉన్న రోజు నా ధ్యాసలో సగం మెడ దగ్గరే కాపలా కూర్చుంటుంది. మిగతా సగం నా మాట విన్నది ఎప్పుడు గనక. మలుపులో ఒక కొట్టు మీదికి కొత్త బోర్డు ఎక్కిస్తున్నారు. ఒకవైపు వాలిపోయింది. ఎడమ పక్కకు ఇంకాస్త ఎత్తండయ్యా అని మనసులోనే వాళ్ళకు చెబుతున్నాను. అంతలో ఒళ్ళు ముందుకు తూలింది. చూస్తే బండి ఆగి ఉంది. బానెట్టుకు జానెడు దూరంలో సైకిలాయన. మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సంచీ సర్దుకుని, డాక్టరుగారికి చెయ్యి ఊపి తన దారిన వెళ్ళాడు.

డాక్టరుగారు హ్యాండ్‌బ్రేకు కూడా లాగారు. చాలా బాగా ఆపారండీ అన్నాను.

"మీరు ఆపుతారనుకున్నాను మాస్టారూ" అన్నారావిడ. నిష్ఠూరంగా ఏమీ కాదు, మామూలుగానే.

ఇంట్లో పాలు పోతాయి, తాళాలు పోతాయి, పెళ్ళిరోజు కూడా పోతుంది, ఏటా పోతుంది. కారులో మాత్రం నా దగ్గర ఎప్పుడూ ఏదీ పోలేదు. అక్కడ నేను వేరే మనిషిని. ప్రమాదం పక్కనే ఉంటే నా బుర్ర బుద్ధిగా కూర్చుంటుంది, టీచరు క్లాసులోకి వచ్చినట్టు. ఈ ప్రపంచంలో నేను నమ్మగలిగిన నేను ఉండేది ఆ ఒక్క సీటులోనే.

మార్చి 31

స్కూలు ఓనరుగారికి మెడనొప్పి అని చెప్పి కొన్నాళ్ళు కారు వద్దన్నాను. సైకిలాయన సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉందామనే వెళ్ళాను, నోరు ఆగలేదు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, సరే, కొన్నాళ్ళు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోమ్మా, ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది అన్నాడు.

పాపం మంచి మనిషి. తనేం చేస్తున్నాడో తనకు తెలియదు.

ఏప్రిల్ 4

ఫోను దగ్గర కూర్చోవడం కన్నా కొండ ఎక్కడం తేలిక. ఇవాళ ఒకే కారు, ఒకే టైము ఇద్దరికి ఇచ్చాను. ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ ముందు సీటే అడిగారు.

నొప్పి ఎంత: విశ్రాంతి మొదలైననాటినుంచి రెట్టింపు. కుర్చీలో కూర్చుంటే చాలు, మెడ, భుజం, నడుం, దవడ అందరూ కలిసి మీటింగు పెట్టుకుంటున్నారు. బుర్రకు పని లేకపోతే అది నొప్పుల్ని వెతుక్కుంటూ పోతుంది కాబోలు. నొప్పి ఎక్కువైతే ఫోనులో ఎవరేం చెప్పారో తలకెక్కదు. తలకెక్కకపోతే బిగబట్టుకుని వింటాను. బిగబడితే నొప్పి. గానుగెద్దు కూడా అప్పుడప్పుడు ఆగి నీళ్ళు తాగుతుంది.

ఏప్రిల్ 9

డాక్టరుగారు ఆఫీసుకు వచ్చారు. నా బదులు వచ్చిన కొత్త మాస్టారు బస్సు కనపడగానే అరుస్తున్నాడట, ఆయన అరిస్తే ఈవిడకు కళ్ళు మరింత గట్టిగా మూతపడుతున్నాయట. నేనెందుకు రావడం లేదని అడిగారు. మెడ అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మాట్లాడుతూనే నా బల్లనీ నన్నూ చూశారు: మూత లేని పెన్నులు, సగం తాగి మర్చిపోయిన టీ కప్పులు, అరచేతి మీద నేను రాసుకున్న ఫోను నంబర్లు.

తర్వాత మెల్లగా చెప్పారు. ఆవిడ నా డాక్టరు కాదట, శిష్యురాలు మాత్రమేనట, కాబట్టి ఏదీ తేల్చి చెప్పరట. కానీ ధ్యాస నిలవకపోవడం అనేది పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకూ ఉంటుందట. ఏడీహెచ్‌డీ అంటారట. అది ఉన్నవాళ్ళలో ఇలా ఏళ్ళ తరబడి వదలని నొప్పులు కూడా తరచుగా కనిపిస్తాయట. తమ క్లినిక్కులో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు, ఒకసారి వెళ్ళి చూపించుకోండి అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. తిరిగి తిరిగి మళ్ళీ మనసు దగ్గరికే వచ్చింది వ్యవహారం. నా మెడకు పిచ్చి పట్టిందంటారా అని అడిగాను.

"మీ మెడకేం పట్టలేదు మాస్టారూ. అది పాపం తనది కాని ఉద్యోగం చేస్తోంది" అన్నారు.

మూలిగే నక్క మీద తాటిపండు. ఇక ఆవిడకు నేను పాఠాలు చెప్పను.

ఏప్రిల్ 10

చెప్పను అంటే చెప్పను.

ఏప్రిల్ 11

ఆయనకు చెప్పాను. ఎగతాళి చేస్తారని ముందే నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను. చెయ్యలేదు. ఎవరిదో కళ్ళజోడు కాడకు మర బిగిస్తూ అంతా విన్నారు. మర బిగించడం అయిపోయాక కూడా స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు.

నేను ఎప్పుడూ గమనించని సంగతులు చెప్పారు. తలుపు దగ్గర మేకు కొట్టి నా తాళాలు తగిలించేది ఆయనే. రోజూ ఇంట్లోంచి కదిలే ముందు ఒకసారి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసేది ఆయనే. ఆయన మంచినీళ్ళకు వెళ్తున్నారనుకునేదాన్ని. ఇంత దాహం ఏమిటా అని ఒకసారి షుగరు పరీక్ష కూడా చేయించాను.

"నీ మతిమరుపుతో నాకేం ఇబ్బంది లేదు. అది లేకపోతే ఇంట్లో నవ్వే ఉండదు. నీ నొప్పి చూడటమే నావల్ల కావడం లేదు. రెండూ ఒకటే అంటున్నారుగా, వెళ్ళి అడుగుదాం" అన్నారు.

సిద్ధం చేసుకున్న నాలుగు జవాబులూ వృథా అయ్యాయి.

ఏప్రిల్ 16

కుర్ర డాక్టరు నిజంగానే కుర్రవాడు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే హారన్ అతిగా కొట్టొద్దని తిట్టేదాన్ని. చాలా ప్రశ్నలు అడిగాడు. వింటూ ఉండగా భుజాలు లేచాయి. లేచాయని తెలిసి దించాను. దించుతూ ప్రశ్న మర్చిపోయాను. అతను దాన్నే రాసుకున్నాడు.

చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నో తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి మాట్లాడాలట. అమ్మ ఉంది అన్నాను. అనేశాక భయం వేసింది.

ఏప్రిల్ 20

అమ్మ దిగింది. నాన్న పోయాక అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటోంది. బస్సులో సగం పూట ప్రయాణం. కళ్ళజోడు బస్సులో మర్చిపోయి, ఎవరిదో గొడుగు తెచ్చింది. అల్లుణ్ణి చూడగానే "కళ్ళజోడు పోయిందని కాదు బాబూ, మీ దుకాణానికి బోణీ చేద్దామని" అంది. ఆయనకు అత్తగారంటే వల్లమాలిన అభిమానం. ఇద్దరూ నన్ను ఏడిపించడంలో భాగస్వాములు.

ఎందుకు పిలిచానో చెప్పాను. "మెడనొప్పికి నా సాక్ష్యం దేనికే?" అంది.

ఏప్రిల్ 22

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి. పొయ్యి కట్టేశాను, చూసి వచ్చి మరీ కూర్చున్నాను.

ముగ్గురం వెళ్ళాం. కుర్ర డాక్టరు అమ్మను కూర్చోబెట్టి, మీ అమ్మాయి చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా అని అడిగాడు. అమ్మ గొంతు సవరించుకుంది. కోర్టులో ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పింది.

"మా అమ్మాయికి ఏ జబ్బూ లేదు బాబూ. చిన్నప్పటినుంచీ ఇంతే."

డాక్టరు పెదవి కొరుక్కున్నాడు. ఇంతే అంటే ఎంత అని అడిగాడు. ఇక అమ్మ ఆగలేదు. బడికి ఒక కాలికి నల్ల బూటు, ఒక కాలికి తెల్ల బూటు వేసుకుని వెళ్ళేదట. పరీక్షలో జవాబులన్నీ వచ్చీ కాగితం వెనక వైపు చూడటం మర్చిపోయేదట. స్కూలు బస్సు దిగడం మర్చిపోయి చివరి స్టాపు దాకా వెళ్ళి, డ్రైవరుతో స్నేహం చేసి, ఆ ఏడాదంతా గేర్లు ఎలా మారుస్తారో ఇంట్లో చీపురుకట్టతో చేసి చూపించేదట. అది నాకు గుర్తే లేదు. ఇలాంటివి ఇంట్లో చెప్పుకుని చాలాసార్లు నవ్వుకున్నాం. ఆ గదిలో, ఒకదాని తర్వాత ఒకటి వింటుంటే, నవ్వుతూనే ఉన్నాను గానీ ఆ నల్ల బూటు తెల్ల బూటు పిల్ల మీద ఎందుకో జాలేసింది.

"ఇందులో వింత ఏముంది బాబూ, నేనూ అంతేగా" అంది అమ్మ.

అని లేచి వెళ్ళి, గోడ మీద వంకరగా ఉన్న పటాన్ని సరిచేసింది. వచ్చి కూర్చుని, ఎక్కడిదాకా వచ్చాం అని అడిగింది. మళ్ళీ లేచింది, కిటికీలోంచి చూస్తే కింద ఎవరో బండి అడ్డంగా పెట్టారట. ఆయన నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను. డాక్టరు అమ్మవైపు చూస్తున్నాడు.

మీకు ఒళ్ళు నొప్పులు ఉంటాయా అమ్మా అని అడిగాడు.

"ఒళ్ళన్నాక నొప్పులుండవా?" అంది అమ్మ. పెళ్ళైనప్పటినుంచీ నడుం, మోకాళ్ళు, మెడ. మధ్యాహ్నం కాసేపు వాలితే గానీ సాయంత్రం పని చెయ్యలేకపోయేదట. తలుపు వేసుకుని పడుకునేదట, ఎవరూ చూడకుండా. మా నాయనమ్మ మాటలు కూడా చెప్పింది. "మనిషి ఇంట్లో, మనసు సంతలో అనేది మా అత్తగారు. దీని నాన్నేమో, బద్ధకానికి నొప్పి అని పేరు పెట్టుకుంది అనేవాడు. సరదా మనిషి లెండి." నవ్వుతూనే చెప్పింది. డాక్టరు నవ్వలేదు. అతను నవ్వకపోయేసరికి అమ్మ కూడా ఆపేసి, ఒడిలోని గొడుగు బొత్తాం పెట్టి, తీసి, పెట్టింది.

తర్వాత అతను చెప్పినదాంట్లో నాకు పట్టుబడినంత రాస్తాను. నాకు ఉన్నది ఆ ఏడీహెచ్‌డీయేనట. అదీ నొప్పులూ కలిసి ఎందుకుంటాయో పూర్తిగా ఎవరికీ తెలియదట. ధ్యాసను చూసుకునే మెదడు భాగాలూ, నొప్పిని తగ్గించి హెచ్చించే భాగాలూ ఇరుగుపొరుగున ఉంటాయట, ఒక ఇంట్లో గొడవైతే పక్కింట్లో నిద్ర ఉండదన్నమాట. పైగా నాలాంటివాళ్ళు జారిపోయే ధ్యాసను ఒంటితో పట్టి ఆపుతారట. ఒళ్ళు మొదట మెల్లగా చెప్పినప్పుడు వినపడదట, కేకలు వేశాకే వినపడుతుందట. నొప్పి నిజమైనదే, మీరు ఊహించుకున్నది కాదు అన్నాడు. ఈ చివరి మాటను ఇంకొకసారి చెప్పమన్నాను. వినపడక కాదు.

ఏప్రిల్ 24

నాకు మాత్రలు మొదలు. అమ్మకు బీపీ ఉంది కాబట్టి తొందరపడకుండా తర్వాత చూద్దామన్నారు. అమ్మను కూడా పరీక్షించమని అడిగింది ఎవరనుకున్నావు డైరీ? అమ్మే.

ఏప్రిల్ 25

పక్కింట్లో ఎప్పుడూ మోగే రేడియో ఆగిపోయాక గానీ అది మోగుతోందని తెలియదు. అలా ఉంది ఇవాళ. పొద్దున్న టీ తాగుతూ, టీ తాగుతున్నాను అనుకున్నాను. అంతే, ఇంకేమీ అనుకోలేదు.

తెలిసిన సంగతులు: నేను ఎప్పుడూ కుడికాలు మడిచి దానిమీదే కూర్చుంటాను. పళ్ళు కొరుకుతూ కూరగాయలు తరుగుతాను. ఆకలేస్తే గంటల తరబడి ఆపుకుంటాను, ఆపుకుంటున్నానని తెలియకుండానే. ఇన్నాళ్ళూ ఈ ఒంట్లో అద్దెకున్నదాన్నే గానీ గదులు చూడలేదు.

ఏప్రిల్ 29

నొప్పి పోలేదు. ఇది రాసుకోవాలి, లేకపోతే పోయిందని నాకు నేనే చెప్పుకునేలా ఉన్నాను. పైగా ఆకలి చచ్చింది, సాయంత్రానికి తలనొప్పి. చిరాకేసి ఆయన మీద అరిచాను. తర్వాత స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. మెడకోసం కాదు. ఏడాదికొక ప్రోగ్రెస్ కార్డు, ప్రతి దాంట్లోనూ "తెలివైనది కానీ శ్రద్ధ లేదు" అనే మాట. శ్రద్ధ లేక కాదు. ఉన్న శ్రద్ధంతా పట్టుకోలేక భుజాలు అరిగిపోయాయి.

బయటికి వచ్చేసరికి అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది, లోపల ఎంతసేపే, నాకు అర్జంటు అంటూ. లోపలికి వెళ్ళలేదు మరి.

మే 6

వ్యాయామాలు. నిజంగానే. ఆయన కూడా పక్కన నిలబడి చేస్తున్నారు. లేకపోతే నేను మధ్యలో కిటికీ తుడవడానికి వెళ్ళిపోతానని. గడ్డం లోపలికి లాక్కుని, భుజాలు వెనక్కి తిప్పుతూ ఆయన అచ్చం కోపం వచ్చిన బాతులా ఉంటారు. అమ్మ సోఫాలో కూర్చుని లెక్కపెడుతుంది. లెక్క తప్పుతుంది. అందుకని మేము ఎప్పుడూ ఎక్కువే చేస్తాం.

మే 13

మళ్ళీ కారెక్కాను. పాఠానికీ పాఠానికీ మధ్య దిగి కాసేపు నడవాలి, అలా రాసిచ్చాడు డాక్టరు. ఓనరుగారు దానికీ ఒప్పుకున్నాడు. నేను ఫోను దగ్గర్నుంచి లేచినందుకు ఆయనకు ఎంత సంతోషమో, నడకకు బూట్లు కూడా కొనిచ్చేలా ఉన్నాడు.

డాక్టరుగారే మొదటి పాఠం. ఇద్దరం ఒకరికొకరం క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాం, చెప్పుకోలేదు. మార్కెట్ మలుపు వచ్చింది. నా పాదం బ్రేకు మీద ఉంది, ఊరికే ఆని ఉంది. భుజాలు కింద ఉన్నాయి. ఎదురుగా బస్సు వచ్చింది. ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నారు. కాకపోతే ఊపిరి ఆపేశారు. ఊపిరి తీసుకోండి, దానికి లైసెన్సు అక్కర్లేదు అన్నాను.

మే 21

డాక్టరుగారు టెస్టు పాసయ్యారు. రివర్సులో ఒక స్తంభాన్ని పలకరించారట, అయినా పాసే. నేరుగా భర్తను కారులో ఎక్కించుకుని మా ఆయన దుకాణానికి తీసుకొచ్చారు. దారి పొడుగునా ఆ భర్తగారు కళ్ళు మూసుకునే కూర్చున్నారట.

మే 24

ఇవాళ అమ్మను బస్సెక్కించాం.

ఎక్కించాం అని రాయడం సులువే. అసలు ఏం జరిగిందంటే, ఆయన టిక్కెట్టు కోసం వెళ్ళారు, నేనూ అమ్మా సామానుతో నిలబడ్డాం. నిన్న కుర్ర డాక్టరు అమ్మతో విడిగా చాలాసేపు మాట్లాడాడు. అమ్మదీ అదే అన్నాడట. వయసు, బీపీ చూసుకుని, ముందు నడుముకు ఫిజియో, మధ్యాహ్నం తప్పనిసరిగా విశ్రాంతి అని రాసిచ్చాడు. నిన్నటినుంచీ అమ్మ ఆ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. కొత్త కళ్ళజోడు గురించి మాట్లాడాం.

బస్టాండులో ఉన్నట్టుండి, "నవ్వనంటే ఒకటి అడుగుతాను" అంది.

నవ్వను అన్నాను.

"అంటే నేను బద్ధకస్తురాలిని కాదన్నమాటేగా?"

మా ఇంట్లో ఏ మాటకైనా ముందు జోకే వస్తుంది, జవాబు తర్వాత వస్తుంది. ఈసారి జోకు రాలేదు. కాదమ్మా, ఎప్పుడూ కాదు అన్నాను. అమ్మ నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అటూ ఇటూ చూడకుండా, దారిన పోయేవాళ్ళ సామాను మీద ఆరా తియ్యకుండా, అంతసేపు అమ్మ నన్ను ఒక్కదాన్నే చూడటం నాకు గుర్తులేదు.

"అయితే సరే" అంది. బ్యాగు అందుకుని గబగబా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

నేను చెయ్యి ఊపాను. అమ్మా ఊపింది. బస్సు కదిలాక గానీ బోర్డు చూడలేదు. అది అన్నయ్యవాళ్ళ ఊరికి పోయేది కాదు.

పరిగెత్తాను. బస్సును చేత్తో బాదాను. డ్రైవరు ఆపాడు. అమ్మ తాపీగా దిగి, నువ్వు చెయ్యి ఊపావు కాబట్టే ఇదేననుకున్నాను అంది. అటు నుంచి ఆయన టిక్కెట్టు పట్టుకుని వచ్చి మా ఇద్దర్నీ చూసి మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

మెడ పట్టేసింది. పట్టేస్తుండగానే తెలిసింది. "అమ్మా, మెడ నొప్పెడుతోంది. నేను కాసేపు కూర్చుంటాను" అన్నాను.

అమ్మ బ్యాగు కింద పెట్టి, "నాకూ నడుము" అంది.

అంతమంది చూస్తుండగా, నడి మధ్యాహ్నం, అమ్మ బెంచీ మీద కాళ్ళు చాపుకుని నా భుజానికి వీపు ఆనించింది. అన్నయ్యవాళ్ళ ఊరి బస్సు వచ్చింది. ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన మావైపు చూశారు. అమ్మ కళ్ళు మూసుకునే, ఇంకో బస్సుంది కదా బాబూ అంది.